మొదటి మెట్టు: ఉద్దానం అనుభవంలో ప్రాథమిక వైద్యం

ఈ విద్యా సంవత్సరంలో హాజరు పిలిచేటప్పుడు ఒక విద్యార్థి పేరు దగ్గర వారానికి రెండు దినాలు జవాబు వచ్చేది కాదు. ఆ దినాలు మారేవి కావు. క్రమశిక్షణ లోపమని భావించి మేము అతనిని పిలిచి మందలించబోయినాము. "నాన్నను డయాలిసిస్‌కు తీసుకుపోవాలి సార్. నాలుగు గంటలు పడుతుంది. పోయిరావడంతో రోజంతా అయిపోతుంది. ఇంట్లో నేనే పెద్దవాణ్ణి" అని అతడు తల వంచుకొని చెప్పినాడు. అతనిది ఉద్దానంలోని ఒక గ్రామం. జబ్బు సంగతి ఎప్పుడు తెలిసినదని అడిగినాము. "ఆయాసం వచ్చి పెద్దాసుపత్రికి తీసుకుపోయిన రోజునే తెలిసింది సార్. అప్పటికే రెండు కిడ్నీలూ పాడైపోయాయన్నారు. అంతకు ముందు నాన్న ఒక్కరోజు కూడా పని మానలేదు."

ఆ చివరి వాక్యం మా మనస్సులో నిలిచిపోయినది. మూత్రపిండాలు ఒక్క రాత్రిలో చెడిపోయే అవయవాలు కావు. వాటి క్షీణతకు ఏండ్లు పట్టి ఉండాలి. ఆ ఏండ్లన్నిటిలోను ఆ గ్రామానికి ఆరోగ్య ఉపకేంద్రం ఉన్నది, నర్సు ఉన్నది, ఆశా కార్యకర్త ఉన్నది, కొంత దూరంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కూడా ఉన్నది. ఇన్ని ఉండగా రోగం చివరి మెట్టు మీదనే ఎందుకు బయటపడినది? ఈ ప్రశ్నకు జవాబు వెదకడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం. ఏ ఒక్క ఉద్యోగినో తప్పుపట్టడం మా అభిమతం కాదు. మన దేశ ఆరోగ్య వ్యవస్థలో మొదటి మెట్టుకు అసలు ఏ పని అప్పగించబడినది అనే విషయాన్ని విద్యార్థులు ఆలోచించవలెనని మా కోరిక.

ప్రాథమిక వైద్యం అనగా ఏమి?

మనిషి అనారోగ్యంతో మొట్టమొదట అడుగుపెట్టే చోట దొరికే వైద్యాన్ని ప్రాథమిక వైద్యం అంటారు. అయితే అది కేవలం చిన్న జబ్బులకు చిన్న వైద్యం కాదు. నివారణ, చికిత్స, పైఆసుపత్రికి పంపడం, పంపిన రోగి తిరిగి వచ్చిన పిమ్మట కనిపెట్టి చూడడం అనే నాలుగు పనులూ అందులో చేరి ఉన్నవి. వీటన్నిటికి మూలం ఎడతెగని పరిచయం. ఒక మనిషిని ఏటేటా చూచి, అతని ఆరోగ్య చరిత్రను గుర్తుంచుకునేది ప్రాథమిక వైద్యం. పెద్ద ఆసుపత్రి రోగాన్ని చూస్తుంది. మొదటి మెట్టు మనిషిని ఎరిగి ఉంటుంది, లేదా ఎరిగి ఉండవలెను.

మన దేశంలో ఈ భావనకు రూపం ఇచ్చినది భోర్ కమిటీ. 1943లో నియమింపబడిన ఈ కమిటీ 1946లో నివేదికను సమర్పించినది. డబ్బు చెల్లించగలిగినా లేకపోయినా ప్రతి పౌరునికి వైద్యం అందవలెనని, నివారణను చికిత్సను విడదీయరాదని ఆ నివేదిక సారాంశం. తక్షణ ప్రణాళికగా 40,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని అది సూచించినది. సరిగా ఆ కాలంలోనే బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ రూపుదిద్దుకొని 1948లో ప్రారంభమైనది. అక్కడ ప్రతి పౌరుడు ఒక కుటుంబ వైద్యుని వద్ద తన పేరు నమోదు చేసుకుంటాడు. "నా వైద్యుడు ఫలానా" అని అతడు చెప్పగలడు. మన ప్రణాళికలలో జనాభా ఇంతకు కేంద్రం ఇంత అనే లెక్క వచ్చినదే కాని, ఫలానా మనిషి బాధ్యత ఫలానా వైద్యునిది అనే సంబంధం ఏర్పడలేదు. ఈ తేడాను విద్యార్థులు గుర్తుంచుకోవలెను.

ఊగిసలాట చరిత్ర

1952లో సామాజికాభివృద్ధి పథకంతో పాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు మొదలైనవి. బ్లాకుకు ఒక కేంద్రం చొప్పున వెలసినవి. 1962 నాటి మొదలియార్ కమిటీ కొత్తవి తెరిచే ముందు ఉన్నవాటిని బలపరచండని హెచ్చరించినది. మలేరియాకు, మశూచికి, కుటుంబ నియంత్రణకు వేర్వేరు సిబ్బంది వేర్వేరు లెక్కలతో ఒకే ఇంటి గడప తొక్కుతూ ఉండగా, 1973లో కర్తార్ సింగ్ కమిటీ వీరందరికి బదులు బహుళార్థ ఆరోగ్య కార్యకర్తలను ప్రతిపాదించినది.

1978 సెప్టెంబరులో సోవియట్ యూనియన్‌లోని ఆల్మా-ఆటా నగరంలో జరిగిన అంతర్జాతీయ సమావేశం "2000 సంవత్సరం నాటికి అందరికీ ఆరోగ్యం" అనే లక్ష్యాన్ని ప్రకటించి, అందుకు సాధనం ప్రాథమిక వైద్యమేనని చాటినది. భారతదేశం అందులో పాలుపంచుకున్నది. కాని మరుసటి సంవత్సరమే, అనగా 1979లో, ఇంత విశాలమైన లక్ష్యం పేద దేశాలకు తలకు మించిన భారమని, కొన్ని ఎంపిక చేసిన రోగాల మీదనే దృష్టి నిలపడం మేలని మరొక వాదం బయలుదేరినది. ఎంపిక వాదానికి నిధులు సులభంగా లభించినవి. ఎందుకనగా, ఎన్ని టీకాలు వేసినారో లెక్కించవచ్చును, ఎన్ని కుటుంబాలను ఎరిగి ఉన్నారో లెక్కించడం కష్టం.

1983 నాటి జాతీయ ఆరోగ్య విధానం ఆల్మా-ఆటా లక్ష్యాన్ని ఆమోదించినది. మైదాన ప్రాంతంలో 30,000 జనాభాకు, కొండ, గిరిజన ప్రాంతాలలో 20,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అనే ప్రమాణం స్థిరపడినది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చి ఆశా కార్యకర్తను గ్రామానికి ఇచ్చినది. 2017 నాటి విధానం ఆరోగ్య నిధులలో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికే కేటాయించవలెనని చెప్పినది. ఈ విధంగా ప్రతి తరంలోను ప్రాథమిక వైద్యానికి మాటలలో అగ్రస్థానం దక్కినది. ఆచరణలో మాత్రం అది ఒకప్పుడు కుటుంబ నియంత్రణ కేంద్రంగా, ఒకప్పుడు టీకా కేంద్రంగా, మరొకప్పుడు పైఆసుపత్రికి చీటీ రాసి ఇచ్చే చోటుగా మారుతూ వచ్చినది. టీకాల వలన, కాన్పుల సంరక్షణ వలన కలిగిన మేలు గొప్పది, దానిని మేము తక్కువ చేయడం లేదు. అయితే పైనుండి వచ్చిన పట్టికలో ఉన్న రోగానికే ఆ కేంద్రం కన్ను తెరవడం అలవాటైనది. పట్టికలో లేని రోగం వచ్చినప్పుడు ఏమవుతుంది? ఉద్దానం ఆ పరీక్షను మన ముందు పెట్టినది.

ఉద్దానం రోగ స్వభావం

బంగాళాఖాతం ఒడ్డున పలాస నుండి ఇచ్ఛాపురం వరకు వ్యాపించిన పచ్చని సీమ ఉద్దానం. ఉద్యానవనం అనే మాటయే ఈ పేరుగా మారినదని చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు ఇది పెట్టినది పేరు. పలాస జీడిపప్పు సంగతి వేరే చెప్పనవసరం లేదు. వజ్రపుకొత్తూరు, పలాస, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాలలో దశాబ్దాలుగా దీర్ఘకాల మూత్రపిండ వ్యాధి అసాధారణంగా కనిపిస్తున్నది. విశాఖపట్నంలో పనిచేసిన మూత్రపిండ వైద్య నిపుణులు డాక్టర్ టి. రవిరాజు గారి వంటివారు దీనిపై ఎన్నో ఏండ్లు కృషి చేసినారు. 2019లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో ఇక్కడ పరీక్షింపబడిన పెద్దలలో నూటికి 18 మందికి పైగా ఈ వ్యాధి ఉన్నట్లు తేలినది. అనగా దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు.

సాధారణంగా మూత్రపిండాలు చెడడానికి మధుమేహం, అధిక రక్తపోటు ముఖ్య కారణాలు. ఉద్దానం రోగులలో అధికులకు ఆ కారణాలు కనబడవు. మూత్రంలో మాంసకృత్తులు పోవడం కూడా తరచు స్వల్పంగానే ఉంటుంది. కావున మూత్ర పరీక్ష ఒక్కటే నమ్ముకొంటే రోగి చేజారిపోవచ్చును. భూగర్భ జలంలోని ఖనిజాలు, పురుగుమందులు, ఎండలో చెమటోడ్చి నీరు తక్కువగా త్రాగడం, నొప్పి బిళ్ళల మితిమీరిన వాడకం, వంశ లక్షణాలు అనే పలు అనుమానాలు పరిశోధింపబడినవి. ఇదే కారణమని ఇంతవరకు నిర్ధారణ కాలేదు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోని వరి రైతులలోను, నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల చెరకు కూలీలలోను ఇటువంటి వ్యాధియే కనిపించినది. మూడు చోట్లా రోగి ఎండలో వంగి పనిచేసే పేదవాడే.

రెండు కొసలకు అందిన సహాయం

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం సత్యదూరం. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం ప్రయోగాత్మకంగా మూడు జిల్లాలలో మొదలైనప్పుడు వాటిలో శ్రీకాకుళం ఒకటి. సోంపేట, పలాస, కవిటి, టెక్కలి వంటి చోట్ల డయాలిసిస్ కేంద్రాలు ఏర్పడినవి. అంతకుముందు ఈ చికిత్స కొరకు విశాఖపట్నం వరకు రైలెక్కిన కుటుంబాలకు ఇది ఎంతటి ఊరటయో అనుభవించినవారికే తెలియును. రోగులకు పింఛను మంజూరై, 2019లో నెలకు పదివేల రూపాయలకు పెంచబడినది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ వ్యాధుల పరిశోధనా కేంద్రం ప్రారంభమైనవి. హిరమండలం జలాశయం నుండి వంశధార నీటిని ఉద్దానం గ్రామాలకు చేర్చే 700 కోట్ల రూపాయల పథకం కూడా ఆనాడే ప్రారంభమైనది.

ఇప్పుడు ఈ సహాయాన్ని వరుసలో పెట్టి చూడండి. నీరు రోగం రాకముందటి కొసన ఉన్నది. అనుమానింపబడిన కారణాలలో ఒకదానికి అది జవాబు. డయాలిసిస్, పింఛను, పెద్ద ఆసుపత్రి రోగం ముదిరిన కొసన ఉన్నవి. ఈ రెండు కొసల నడుమ పది, పదిహేను సంవత్సరాల మౌనం ఉన్నది. ఆ మౌన కాలంలోనే మూత్రపిండం కొంచెం కొంచెంగా తరిగిపోతుంది. ఆ కాలానికి కాపలాదారు ఎవరు? వ్యవస్థలో ఆ స్థానం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానిదే.

జాతీయ స్థాయిలో కూడా ఇదే క్రమం కనబడుతుంది. డయాలిసిస్‌కు 2016లోనే జాతీయ కార్యక్రమం వచ్చినది. 2018లో ఉపకేంద్రాలను ఆరోగ్య, స్వస్థతా కేంద్రాలుగా మార్చినప్పుడు రక్తపోటు, మధుమేహం, మూడు రకాల క్యాన్సర్ల పరీక్షలు పట్టికలో చేరినవి. రక్తపోటు, చక్కెర సరిగా ఉన్న ఉద్దానం కూలీ ఆ పట్టిక ప్రకారం ఆరోగ్యవంతుడే. దీర్ఘకాల మూత్రపిండ వ్యాధి 2023 నాటి సవరించిన కార్యక్రమంలో చేరినది. ఆలస్యమైనా ఇది సంతోషించదగిన చేర్పు. చివరి మెట్టు చికిత్సకు కార్యక్రమం ముందు రావడం, మొదటి మెట్టు గుర్తింపుకు తరువాత రావడం మాత్రం ఆలోచించదగిన విషయం.

ఒక అంకె, రెండు అంకెలు

ఇక్కడ కొంత శాస్త్ర విషయం తెలుసుకోవలెను. కండరాల పని వలన పుట్టే క్రియాటినిన్ అనే వ్యర్థ పదార్థాన్ని మూత్రపిండాలు వడపోసి బయటికి పంపుతవి. వడపోత తగ్గితే రక్తంలో దీని పరిమాణం పెరుగుతుంది. వయస్సు, స్త్రీపురుష భేదం లెక్కలోకి తీసుకొని దీని నుండి వడపోత వేగాన్ని అంచనా కడతారు. నిమిషానికి 90 మిల్లీలీటర్లు, అంతకు పైన ఉంటే సామాన్యం. మూడు నెలలకు మించి 60 కంటె తక్కువగా ఉంటే దీర్ఘకాల వ్యాధిగా పరిగణిస్తారు. 15 కంటె తగ్గితే మూత్రపిండాలు విఫలమైనట్లు.

ఒక రైతుకు ఈనాడు పరీక్షలో 1.2 అనే అంకె వచ్చినదనుకొందాము. పరీక్షశాల కాగితం మీద అది మామూలు హద్దులలోనే ఉన్నట్లు కనిపించవచ్చును. అతడు నిశ్చింతగా ఇంటికి పోతాడు. కాని మూడేండ్ల క్రితం అతని అంకె 0.8 అని తెలిసి ఉంటే? అప్పుడు అతని వడపోత శక్తిలో దాదాపు మూడవ వంతు పోయినదని అర్థం. రెండు అంకెలూ హద్దులలోనే ఉన్నవి, రోగం మాత్రం వాటి నడుమ ఉన్నది. మొదటి అంకె లేనిదే రెండవ అంకెకు పూర్తి అర్థం లేదు.

మా వాదన అంతా ఈ లెక్కలోనే ఉన్నది. పలాసలోని పెద్ద ఆసుపత్రి కాని, విశాఖలోని నిపుణుడు కాని నేటి అంకెను ఎంతో కచ్చితంగా చెప్పగలరు. నిరుటి అంకెను వారు సృష్టించలేరు. దానిని భద్రపరచగలిగినది మనిషి జబ్బు పడకముందే అతనిని ఎరిగిన గ్రామ కేంద్రం ఒక్కటే. ఉద్దానంలో పరీక్షా శిబిరాలు పలుమార్లు జరిగినవి. శిబిరం ఒక అంకెను ఇచ్చి వెళ్ళిపోతుంది. ఆ కాగితం చూరులోనో, పెట్టె అడుగుననో చేరి చెదలపాలవుతుంది. ఒకే మనిషిని ఏటేటా పరీక్షించి, అంకెలను ఒక వరుసలో రాసి, తేడాను చూచి పలకరించేది ప్రాథమిక వైద్యం. శిబిరం దానికి తోడు కాగలదు, బదులు కాజాలదు.

ఆక్షేపణలు

దీనికి కొన్ని ఆక్షేపణలు ఉన్నవి. వాటిని కొట్టిపారేయరాదు.

కారణమే తెలియని రోగానికి ముందుగా గుర్తించి ఏమి లాభం, ఊరికే భయపెట్టడం తప్ప, అని కొందరు అంటారు. కారణం తెలియకపోయినా చేయదగిన పనులు కలవు. మూత్రపిండాలను బాధించే నొప్పి బిళ్ళలను మాన్పించవచ్చును. తోట పనితో నడుము పట్టివేసి, దుకాణంలో బిళ్ళ కొని వేసుకొనే అలవాటు మన పల్లెలలో ఎంత బలమైనదో అందరూ ఎరుగుదురు. తరువాత తలెత్తే రక్తపోటును అదుపులో ఉంచవచ్చును. లోహ భస్మాలు కలిసిన తెలియని మందులను వారించవచ్చును. మధ్యాహ్నపు ఎండలో పని గంటలు మార్చుకొని, తగినంత నీరు త్రాగేటట్లు చెప్పవచ్చును. మధ్య అమెరికాలోని చెరకు తోటలలో నీరు, విశ్రాంతి, నీడ అనే మూడింటిని కూలీల హక్కుగా అమలు చేసే ప్రయత్నాలు జరిగినవి. ఇవి రోగాన్ని మాన్పుతవని మేము చెప్పడం లేదు. క్షీణత వేగం కొంత తగ్గి, డయాలిసిస్ అయిదేండ్లు వెనుకకు జరిగినా, ఒక పిల్లవాని చదువు పూర్తికావడానికి ఆ అయిదేండ్లు చాలును.

ప్రాథమిక కేంద్రాలకు ఇప్పటికే తలకు మించిన పని ఉన్నదని, ఒకే నర్సు టీకాలు, కాన్పులు, రికార్డులు చూడలేక సతమతమవుతున్నదని రెండవ ఆక్షేపణ. ఇది యథార్థం. అందుకే మేము అడిగేది పాత పనులకు మరొక రిజిస్టరు చేర్చమని కాదు. మొదటి మెట్టుకు ఏది ముఖ్యమైన పనియో నిర్ణయించి, దానికి తగిన మనుషులను, పరీక్షశాలను ఇవ్వమని. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్ 6న ప్రారంభించిన కుటుంబ వైద్యుని విధానంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుడు నెలకు రెండుసార్లు ప్రతి గ్రామానికి వెళ్ళవలెనని నిర్దేశింపబడినది. ఏ పేరుతో నడిచినా, ఏ ప్రభుత్వం నడిపినా, వైద్యుడు మనిషిని ఎరిగి ఉండవలెననే భోర్ కమిటీ నాటి ఆశకు అది దగ్గరి ఆలోచన. పథకం పేరు మారినప్పుడల్లా పాత పుస్తకం మూలపడి కొత్త పుస్తకం తెరవడం జరిగితే మాత్రం ఆ ఆశ నెరవేరదు.

ప్రజలే ప్రాథమిక కేంద్రానికి పోరని, ఆర్.ఎం.పి. వైద్యుని వద్దకో, పట్టణంలోని ప్రైవేటు ఆసుపత్రికో పోతారని మూడవ ఆక్షేపణ. పోయినరోజున వైద్యుడు ఉంటే, మందు ఉంటే, వెనుకటి సంగతి తెలిసి పలకరిస్తే ప్రజలు పోతారు. నమ్మకం కాలక్రమాన కుదిరే వస్తువు. ఊరి ఆర్.ఎం.పి. వద్దకు జనం పోవడానికి కారణం అతడు పేరు పెట్టి పిలవడమేనని మనం మరువరాదు.

మన కర్తవ్యం

మన ఉర్దూ విభాగపు మిత్రులు "పర్‌హేజ్ ఇలాజ్ సే బెహతర్ హై" అనే సామెతను తరచు చెబుతుంటారు. చికిత్స కంటె జాగ్రత్త మేలని దాని భావం. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడం గురించి తెలుగు సామెత హెచ్చరిస్తున్నది. రెండు భాషలూ ఒకే మాట చెప్పినవి. మనం రెండు భాషలూ చదువుకొని ఒక్క పనైనా చేయకపోతే ఆ చదువుకు ప్రయోజనం ఏమి?

విద్యార్థులకు మా సూచన ఇది. ప్రతి ఒక్కరు తమ ఇంటికి ఒక చిన్న నోటు పుస్తకం పెట్టవలెను. పద్దెనిమిది ఏండ్లు దాటిన ప్రతి మనిషికి ఒక పుట. ఏడాదికొకసారి ప్రభుత్వ కేంద్రంలో క్రియాటినిన్ పరీక్ష కోరి, తేదీతో సహా అంకెను ఆ పుటలో రాయవలెను. రక్తపోటు, వేసుకొనే బిళ్ళల పేర్లు దాని ప్రక్కన రాయవలెను. అంకె పెరుగుతూ ఉంటే, హద్దులలో ఉన్నదని ఊరుకోక, పుస్తకంతో సహా వైద్యుని వద్దకు వెళ్ళవలెను. వ్యవస్థ చేయవలసిన పనిని ఇల్లు చేయవలసి రావడం న్యాయం కాదు. అయినా, చేతిలో అంకెల వరుస పట్టుకొని అడిగేవానికి జవాబు చెప్పక తప్పదు.

కళాశాల పాలక సంఘానికి ఒక విన్నపం. జాతీయ సేవా పథకం శిబిరాన్ని ఈసారి ఉద్దానంలోని ఒక్క గ్రామంలో పెట్టి, వరుసగా అయిదేండ్లు ఆ గ్రామానికే వెళ్ళే ఏర్పాటు చేయవలెను. ఏటికొక కొత్త గ్రామం చూచి రావడం కంటె, ఒక్క గ్రామాన్ని ఎరిగి ఉండడం మన విద్యార్థులకు ఎక్కువ నేర్పుతుంది. అలాగే, ఇంటివారిని డయాలిసిస్‌కు తీసుకుపోయే విద్యార్థుల హాజరు విషయంలో నిబంధనలు అనుమతించినంత మేరకు దయ చూపవలెనని ప్రార్థిస్తున్నాము.

ఈ వ్యాసం ముగించే ముందు ఆ విద్యార్థిని మరల పిలిచి మాట్లాడినాము. తండ్రి ఆరోగ్యం అలాగే ఉన్నదన్నాడు. తల్లి కూడా అదే తోటలో, అదే ఎండలో, అదే నీరు త్రాగి పనిచేసిన మనిషి. ఆమెకు పరీక్ష చేయించినావా అని అడిగినాము. "ఇంకా లేదు సార్. అమ్మకు ఏ నొప్పీ లేదు" అన్నాడు. మరుసటి వారం తప్పక చేయించెదనని మాట ఇచ్చినాడు. ఆ పుస్తకంలో ఆమె పుట మీద మొదటి అంకె పడవలసి ఉన్నది.